ఓడ మీద ఎండ బరువు

ఆ రోజుల్లో విశాఖపట్నంలో కరెంటు ఉండేది గానీ దానికి ఓపిక ఉండేది కాదు. సాయంత్రం ఆరయ్యేసరికి ఊరంతా ఒక్కసారే దీపాలు వేసుకునేది. అంతే, మా పోర్టు క్వార్టర్స్‌లో నూరు వాట్ల బల్బు పండిన నారింజ రంగులోకి దిగిపోయేది. ఫ్యాను తిరుగుతుండగానే రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. (మూడు. నేను లెక్కపెట్టాను.) పిండి మర వాళ్ళ దగ్గర్నించి సినిమా హాలు వాళ్ళ దాకా లో వోల్టేజిని తిట్టని మనిషి అప్పట్లో ఊళ్ళో లేడు. నేను మాత్రం ఈ రోజుకీ తిట్టను. ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పుకుని, పెన్షన్ తీసుకుంటూ, ఇలా కుర్చీలో కూర్చుని మీకు కబుర్లు చెబుతున్నానంటే దానికి మూలం ఒకనాటి సాయంత్రం వోల్టేజి పడిపోవడమే. ఇది గొప్పకి చెప్పడం కాదు అనబోయాను గానీ, అబద్ధమెందుకు, గొప్పకే చెబుతున్నాను.

1980 జూలైలో, నాకు ఇరవైమూడేళ్ళు నిండిన నెలలో, ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. కాలేజీ పేరు చెప్పను. టెంపరరీ ఉద్యోగం. ఒక్క ఏడాదికే. జూన్ వచ్చాక మళ్ళీ ఉంచుకోవాలా వద్దా అన్నది డిపార్ట్‌మెంటు హెడ్డు గారి మాట మీద ఆధారపడి ఉండేది. ఉంచుకోకపోతే నేను కృష్ణా జిల్లాలో మా పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళి, మా బాబాయి పెట్టిన ట్యుటోరియల్‌లో పదో తరగతి తప్పిన పిల్లలకి లెక్కలు చెప్పాలని ఇంట్లో ముందే నిర్ణయమైపోయింది. ఆ పిల్లల మీద నాకేమీ కోపం లేదు. కానీ ఆ ట్యుటోరియల్‌లో చీకటి గది లేదు. మా కాలేజీలో ఉంది. నల్ల తెరలు దించిన ఆ గదిలో పట్టకం గుండా ఒక్క ఎండ చారను పంపిస్తే గోడ మీద రంగులు పరుచుకునేవి. ఎరుపు అయిపోయిన తర్వాత, కంటికి ఏమీ కనిపించని చోట థర్మామీటరు పెడితే పాదరసం మెల్లగా లేచేది. వెలుగు తన శక్తిని అన్ని రంగులకూ సమానంగా పంచదు. ఏ రంగుకి ఎంత వాటా ఇచ్చిందో చూసి, అది బయల్దేరిన నక్షత్రం ఎంత వేడిగా ఉందో ఇక్కడ కూర్చుని చెప్పేయొచ్చు. తొమ్మిది కోట్ల మైళ్ళ దూరంలో ఉన్న సూర్యుడి ఒంటి వేడి మా కాలేజీ గోడ మీద చూడగలిగినప్పుడు, ఆ గోడను వదిలి వెళ్ళాలని ఎవరికి అనిపిస్తుంది?

హెడ్డు గారిని అందరం పెద్ద మేడమ్ అనేవాళ్ళం. గంజి పెట్టిన నేత చీర, గట్టి అడుగు, ఇంకా గట్టి గొంతు. పాఠంలో ఆవిడ నోట తప్పు మాట రావడం నేను వినలేదు, వినడానికి ప్రయత్నించినా. నాకు 'దశాంశం' అని పేరు పెట్టింది ఆవిడే. (ఒకసారి ఒక పిల్ల ప్రాక్టికల్ రికార్డులో 9.8 అని రాస్తే, తర్వాతి అంకె ఏదని అడిగాను. ఆ మాటకే.) పెద్ద మేడమ్ ప్రాణమంతా బీరువాలో పై అరలో ఉండే ఒక గాజు బల్బు మీద ఉండేది. ఆవిడ గురువు గారు రిటైరవుతూ ఇస్తే, మద్రాసు నుంచి రాత్రంతా రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారట. బల్బు లోపల ఒక సూది. సూది మొన మీద బోర్లించిన చిన్న గిన్నెలాంటి గాజు బొడిపె. దానికి నాలుగు వైపులా నాలుగు పల్చటి రేకులు, ఒక్కో రేకుకి ఒక పక్క మసి పూసిన నలుపు, రెండో పక్క వెండిలా తళతళ. దీపం ఎదురుగా పెడితే చాలు, ఎవరూ ముట్టుకోకుండా రేకులు గిర్రున తిరిగేవి. ఏటా జనవరిలో మా కాలేజీ సైన్సు ప్రదర్శనకి ఊళ్ళో జనం వచ్చేది సగం దాన్ని చూడ్డానికే. దాని వెనక, పూర్ణా మార్కెట్ దగ్గర షాపుల బోర్డులు రాసే పెయింటరు చేత రాయించిన రేకు బోర్డు ఒకటి నిలబెట్టేవాళ్ళు: 'కాంతి తోస్తుంది! ఇదిగో రుజువు. మెరిసే వైపును వెలుగు వెనక్కి నెడుతోంది చూడండి.'

ఆ ఏడాది దాని దగ్గర నిలబడి జనానికి వివరించే పని నాకు పడింది. అంతకన్నా గౌరవం మరోటి లేదనుకున్నాను. ప్రదర్శనకి వారం ముందు ఒక సాయంత్రం, పిల్లలందరూ వెళ్ళిపోయాక, రెండు వందల వాట్ల దీపం ముందు బల్బు పెట్టి, ఎదురుగా ఖాళీ బెంచీలకి వివరించడం మొదలుపెట్టాను. "గోడకి బంతి కొడితే తిరిగొస్తుంది, పేడముద్ద కొడితే అతుక్కుపోతుంది. తిరిగొచ్చే బంతి వల్ల గోడకి తగిలే దెబ్బ రెట్టింపు. వెలుగు కూడా అంతే. నల్లటి వైపు పడితే అతుక్కుపోతుంది, మెరిసే వైపు పడితే తిరిగొస్తుంది. అందుచేత మెరిసే వైపు…" అని చెయ్యి చూపించబోతుండగా వోల్టేజి పడిపోయింది. దీపం నారింజపండైంది. గిర్రున తిరిగే రేకులు, గుడి చుట్టూ ముసలమ్మ ప్రదక్షిణం చేసినట్టు, నింపాదిగా ఒకదాని వెనక ఒకటి నడవడం మొదలుపెట్టాయి. అప్పుడు చూశాను. వెనక్కి పోతున్నది మెరిసే వైపు కాదు. నలుపు. మెరిసే వైపు దర్జాగా దీపానికి ఎదురు నడిచి వస్తోంది.

దీపం ఎడమకి మార్చాను, కుడికి మార్చాను, బల్బు స్టాండునే తిప్పాను. కళ్ళు కడుక్కుని వచ్చి మళ్ళీ చూశాను. మర్నాడు కిటికీ దగ్గర ఎండలో పెట్టి, గొడుగు అడ్డం పట్టి నీడ చేసి, మెల్లగా తిప్పించి చూశాను. అదే. అన్నేళ్ళుగా పెద్ద మేడమ్ బల్బు బాగా తిరగాలన్న ఆపేక్షతో దానికి ఎప్పుడూ అన్నిటికన్నా పెద్ద దీపమే పెట్టేవారు. అది ఎంత జోరుగా తిరిగేదంటే నలుపూ తెలుపూ కలిసిపోయి బూడిదరంగు చక్రంలా కనిపించేది. ఎటు తిరుగుతోందో చూడ్డానికి ఎవరికీ అవకాశమే లేదు. ముద్దు ఎక్కువై చూపు తప్పడమంటే అదే కాబోలు.

పెద్ద మేడమ్ గదికి వెళ్ళాను. విషయం చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమ్మా దశాంశం, అయితే బల్బు తప్పంటావా, నీ లెక్క తప్పంటావా?"

"రెండూ కాదు మేడమ్. బోర్డు తప్పు."

"పదేళ్ళుగా తిరుగుతోంది ఆ బల్బు," అన్నారు ఆవిడ.

"తిరుగుతోంది మేడమ్. అటు."

ఇంత పొగరుగా అనాలని నేననుకోలేదు. దిక్కు అడిగారనుకుని జవాబు చెప్పానంతే. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "నువ్విక వెళ్ళొచ్చు," అన్నారు. జూన్ మాట ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం ఇద్దరికీ లేదు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. మా నాన్న పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. (నా జబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.) రోజూ ఇంటికొచ్చేటప్పుడు వేయించిన వేరుసెనగ గింజల పొట్లం తెచ్చేవారు. ఆ పొట్లం మధ్యలో పెట్టుకుని ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం.

"ముందు నాకో సంగతి చెప్పు అమ్మాయ్. అసలు ఎండ తోస్తుందా?"

"తోస్తుంది నాన్నా. చాలా కొంచెం. మీ ఓడ కొలతలు చెప్పండి, ఎంతో చెబుతాను."

అప్పుడు బెర్తులో ఉన్న ఓడ పొడవు రెండు వందల మీటర్లు, వెడల్పు ముప్ఫై అని ఆయన తడుముకోకుండా చెప్పారు. ఆరు వేల చదరపు మీటర్లు. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి తెచ్చే శక్తిని కాంతి వేగంతో భాగించి, ఆరు వేలతో హెచ్చవేసి, "రెండు గ్రాములు" అన్నాను. నాన్న పొట్లంలోంచి ఒక్కో గింజా తీసి అరచేతిలో తూచుకుంటూ గుమ్మం మీద పెట్టారు. నాలుగు గింజలు.

"ఇరవై వేల టన్నుల ఓడ మీద, మిట్టమధ్యాహ్నం, మన విశాఖపట్నం ఎండ… ఇంతేనా?"

"ఇంతే."

ఆయన చాలాసేపు ఆ నాలుగింటినీ చూశారు. తర్వాత ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు. "సాయంత్రమైంది కదా, ఎండ తగ్గింది," అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు అయ్యాక మెల్లగా, "జూన్ దాకా ఆగకూడదూ? ఆ రేకులు ఎటు తిరిగేవి అటే తిరుగుతాయిగా. ఆర్డరు చేతికొచ్చాక చెప్పు," అన్నారు. పడుకునే ముందు, ఆగడమే తెలివైన పనని నాకూ అనిపించిందని ఒప్పుకోవాలి.

అయితే ఈ కథలో మా ల్యాబ్ అటెండరు ఒకాయన ఉన్నాడు. భీమునిపట్నం అవతల పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. బీకరు పగిలినా, ఆసిడ్ ఒలికినా "పర్లేదమ్మా" అనేవాడు గనక పిల్లలందరికీ ఆయన పర్లేదు బాబాయి. పగలగొట్టింది తనే అయితే రెండుసార్లు అనేవాడు. నేను పెద్ద మేడమ్ గదిలో మాట్లాడుతుండగా ఆయన తలుపు బయట స్టూలు తుడుస్తున్నాడు. బల్బు అటు తిరగాల్సింది ఇటు తిరుగుతోందని మాత్రం చెవిన పడింది. మేడమ్ గారంటే ఆయనకి దేవుడి కన్నా కొంచెం ఎక్కువ భయం, ఇంకొంచెం ఎక్కువ భక్తి. ఆవిడ పరువు నిలబెట్టాలని, జనవరి చివరి గురువారం, ప్రదర్శన రోజు పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, బల్బుని క్లాంపుకి తలకిందులుగా బిగించాడు.

నేను వెళ్ళేసరికి రేకుల చక్రం సూది మొన మీంచి జారిపోయి, బల్బు అడుగున ఒక మూలకి ఒరిగి పడుకుని ఉంది. కిటికీలోంచి ఎండ ధారాళంగా పడుతోంది. కదలిక లేదు.

"ఏం చేశావు బాబాయ్!"

"పంకా తిరగేసి బిగిత్తే గాలి పైకెల్తాది కదమ్మా. ఇదీ తిరగేత్తే రెండో పక్కకి తిరుగుద్దని సేసినాను. మేడమ్ గారి బోర్డు నిజమైపోద్దని." ఇంతలో గుమ్మంలో గంజి చీర చప్పుడు. ఆయన గొంతు పీలగా అయిపోయింది. "పర్లేదమ్మా. పర్లేదు."

పెద్ద మేడమ్ బల్బు వంక చూశారు, ఆయన వంక చూశారు, నా వంక చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బల్బుని క్లాంపులోంచి తీసి నిటారుగా నిలబెట్టి, "దీన్ని నెమ్మదిగా తట్టి సూది మీదికి ఎక్కించగలవేమో చూడు," అని బాబాయికిచ్చి, నాతో, "బోర్డు చూపించి చెప్పెయ్యి ఇవాళ్టికి," అని గుమ్మం పక్కకి వెళ్ళి నిలబడ్డారు. నాకు ఒక్కసారి గుండె తేలికపడింది. బల్బు తిరగనప్పుడు ఎటు తిరిగిందన్న ప్రశ్నే రాదు. నిజం చెప్పకపోయినా అబద్ధం చెప్పినట్టు కాదు. జూన్ దాకా దారి సాఫీ.

తొమ్మిదిన్నరకి తలుపులు తీశారు. గోపాలపట్నం నుంచి సంసారాలు, పోర్టు కళాసీలు, కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో ఉన్న కుర్రాళ్ళు, అందరూ అలవాటు ప్రకారం ముందు నా బల్ల దగ్గరికే వచ్చారు. తిరగని బల్బు చూసి పెదవి విరిచారు. బల్ల పక్క నేల మీద పర్లేదు బాబాయి బాసింపట్టు వేసుకుని, బల్బుని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, వేలితో తడుతూనే ఉన్నాడు. జనం వెళ్ళిపోబోతుంటే నాకు ఉక్రోషం వచ్చింది. నాన్న పొద్దున్న బ్యాగులో వేసిన పొట్లంలోంచి నాలుగు గింజలు తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదిగోనండీ, మన హార్బర్లో ఉన్న ఓడ మీద మధ్యాహ్నం పడే ఎండ మొత్తం దాన్ని కిందికి నొక్కే బరువు!"

వెళ్ళేవాళ్ళు ఆగారు. ఒక కళాసీ ముందుకొచ్చి గింజల మీదికి వంగి చూశాడు. "ఓడలోంచి ఈ ఎండ దించడానికి ఎందరు కళాసీలు కావాలమ్మా?"

వెనక నుంచి ఇంకొకడు, "నువ్వొక్కడివి సాల్లే బావా. దించకముందే తినేత్తావ్," అన్నాడు. జనం గొల్లుమన్నారు. గుంపు పెరిగింది.

ఆ గుంపును చీల్చుకుంటూ, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని మా చేపలత్త వచ్చింది. మా క్వార్టర్స్‌కి రోజూ చేపలు తెచ్చే మనిషి. బేరంలో ఆవిడని గెలిచినవాళ్ళు మా వీధిలో లేరు. "ఓలమ్మో, గుమస్తా గారి పిల్లేటి ఇక్కడ! ఏటమ్మా, ఎండ తోసెత్తాదంతన్నావు? నాను పొద్దస్తమానం ఎండలో బుట్టెత్తుకుని తిరుగుతన్నాను. నన్నెందుకు తొయ్యదు?"

"తోస్తుంది అత్తా. నీ బుట్ట మీద పడే ఎండ బరువు ఒక్క ఉప్పు రవ్వంత. అదీ నువ్వు చేపల్లో వేసే రాతి ఉప్పు కాదు, మెత్తటి ఉప్పు."

"ఉప్పు రవ్వా! మరి నా మెడెందుకిలా పీకుతంది?"

"అది చేపల బరువు అత్తా."

"ఆఁ, ఆ బరువు మీ అమ్మకి సెప్పు, బేరమాడేటప్పుడు," అంది. ఆ నవ్వులు ఆగేదాకా నేను ఊరుకోవలసి వచ్చింది. అంతటితో వదిలే మనిషైతే ఆవిడ చేపలత్త ఎందుకవుతుంది? "ఉప్పు రవ్వంత దానికి ఇంత బోర్డెందుకమ్మా మరి? పెద్ద పెద్ద సదువులు సదివి దీన్నే సూత్తన్నారా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర ఉన్నదంతా బయటికొచ్చింది. "అత్తా, చందనోత్సవం రోజు సింహాచలం గుళ్ళోకి వెళ్ళావుగా. దర్శనమయ్యాక బయటికి ఎలా వచ్చావు?"

"నాను రావడమేటి, జనమే తోసుకొచ్చీసినారు. నలుగురు అటు నెట్టినారు, నలుగురు ఇటు నెట్టినారు. కాలు నేల మీద పడితే ఒట్టు."

"నక్షత్రం లోపల వెలుగు బతుకు అదే. నడిమధ్యలో పుడుతుంది. తిన్నగా బయటికి రాలేదు. గుద్దుకుంటుంది, పక్కకి పోతుంది, మళ్ళీ వెనక్కి పోతుంది. అలా బయటపడేసరికి వేల ఏళ్ళు. (ఎన్ని వేలన్నది పుస్తకానికో లెక్క ఉంది, అంచేత అంకె చెప్పను.) గుద్దుకున్న చోటల్లా తన దగ్గరున్న శక్తి కాస్త పంచిపెడుతుంది, కాస్త బయటికి నెడుతుంది. ఇక్కడ ఉప్పు రవ్వంత, అక్కడ ఊహకందనంత. నక్షత్రం తన బరువుకి తనే లోపలికి కూలిపోవాలని చూస్తుంటే, వెలుగు అడ్డం నిలబడి మోస్తుంది. మన సూర్యుడు చిన్నవాడు, అతన్ని మోసేది ఎక్కువగా లోపలి వేడి వాయువే. కానీ సూర్యుడికి ఎన్నో రెట్లు బరువున్న నక్షత్రాలున్నాయి. వాటిని నిలబెట్టేది వెలుగే. వెలుగు మరీ ఎక్కువైతే నక్షత్రం పై పొరలే ఊడి ఎగిరిపోతాయి."

ఎవరూ నవ్వలేదు. ఉక్కు ఫ్యాక్టరీ కుర్రాడొకడు కిటికీలోంచి బయటికి, ఆ ఎండలోకి చూశాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. నా జీవితంలో నేను చెప్పిన మొదటి పాఠం అదే. బెంచీల్లేవు, నల్లబల్ల లేదు.

అప్పుడు చేపలత్త బోర్డు వైపు వేలు చూపించి, "అచ్చరాలు నాకు రావు గానీ, ఈ బుడ్డి తిరిగితే ఏ పక్క ఎనక్కెల్తాదమ్మా? తెల్లదా, నల్లదా?" అంది.

బేరమాడి బేరమాడి ఆవిడకి అసలు చోటు పట్టుకోవడం అలవాటైపోయింది. బోర్డు మీద 'మెరిసే వైపు' అని జానెడు అక్షరాలు. గుమ్మం దగ్గర పెద్ద మేడమ్. 'తెల్లది' అంటే సరిపోతుంది, ఆవిడ బోర్డు మీద రాసుకున్నదే నేనూ అన్నట్టవుతుంది. చీకటి గది, గోడ మీద రంగులు, మా బాబాయి ట్యుటోరియల్ అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. నోరు తెరిచాను. తెల్లది అనే మాట నోట్లోకి రాలేదు. రాలేదంతే. నిజాయితీ అని పెద్ద పేరు పెట్టను. లెక్క తప్పు చెప్పడానికి నా నోరు అలవాటు పడలేదు.

"నల్లది అత్తా. బోర్డు మీద ఉన్నదానికి వ్యతిరేకం. ఈ బల్బుని తిప్పేది వెలుగు తోపు కాదు, వెలుగు ఇచ్చే వేడి. నలుపు వేడెక్కుతుంది, బల్బులో మిగిలిన కాసింత గాలి ఆ వేడికి రేగి నల్ల వైపుని నెడుతుంది. వెలుగు తోపు నిజంగా చూడాలంటే గాలిని ఇంకా బాగా తీసేసి, రేకుల్ని సన్నటి తీగకి వేలాడదియ్యాలి. అప్పుడు మెరిసేదే వెనక్కి పోతుంది."

జనం బోర్డు వంక, నా వంక, గుమ్మం వంక చూశారు. పెద్ద మేడమ్ ముఖంలో ఏమీ కనిపించలేదు. సరిగ్గా అప్పుడే (ఇలా జరిగిందంటే మీరు నమ్మరు, పర్లేదు బాబాయి కూడా నమ్మలేదు) బల్ల పక్క నుంచి "ఎక్కిందమ్మా! ఎక్కిపోయింది!" అని కేక. బాబాయి బల్బుని రెండు చేతులతో ఎత్తి తెచ్చి బల్ల మీద ఎండలో పెట్టాడు. చక్రం ఒకసారి వణికి, కదిలి, గిర్రున తిరగడం మొదలుపెట్టింది. అందరూ మీద పడ్డారు. కానీ ఎండ బాగా ఉంది. బూడిదరంగు చక్రం. నలుపో తెలుపో ఎవరికీ తెలియడం లేదు. "తెల్లదే", "కాదెహె, నల్లది" అని అప్పుడే రెండు పార్టీలయ్యాయి.

పెద్ద మేడమ్ గుమ్మం దగ్గర్నించి కదిలారు. జనం దారిచ్చారు. ఆవిడ నా వైపు రాలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి, తెర సగం లాగారు. నీడ బల్బు మీద పడింది. రేకులు మెల్లబడ్డాయి. ఆవిడే వంగి, కళ్ళజోడు సరిచేసుకుని చూశారు. ఆవిడ భుజం పక్క నుంచి చేపలత్త తల.

"నల్లదే! నల్లదే ఎనక్కెల్తంది! పిల్ల సెప్పిందే నిజం!" అని అత్త అరిచిన అరుపుకి పక్క గదిలో కెమిస్ట్రీ వాళ్ళు ఏదో పేలిందనుకుని పరిగెత్తుకొచ్చారు.

పెద్ద మేడమ్ నిలబడ్డారు. "బాబాయ్, తెల్లకాగితం, జిగురు పట్రా." కాగితం వచ్చింది. తన పెన్ను నా చేతికిచ్చి, "నీ అక్షరాలు బాగుంటాయి, రాయి," అని చెప్పారు. అక్షరాలు వంకర పోనివ్వలేదు. ఆవిడ చెప్పిన ప్రకారం రాసిన కాగితం బోర్డులో 'ఇదిగో రుజువు' దగ్గర్నించి చివరిదాకా కప్పేసింది. ఆ పూట మిగిలిన జనమంతా చదివిన బోర్డు ఇది: 'కాంతి తోస్తుంది! కానీ దీన్ని కాదు. ఎందుకో ఈ అమ్మాయిని అడగండి.'

సాయంత్రం అయిదు దాకా అడిగారు. నా గొంతు పోయింది. మర్నాటి నుంచి పోర్టులో మా నాన్నకి నెమ్మది లేకుండా పోయింది. "ఏం గుమస్తా గారూ, ఇయ్యాల ఎండ ఎన్ని గింజలు?" అని కళాసీలు అడగడం, ఈయన ఆకాశం వంక చూసి "మబ్బుగా ఉంది, మూడున్నర" అని జవాబివ్వడం. ఇంటికొచ్చి విసుక్కున్నట్టు చెప్పేవారు గానీ, రోజుకొకరికి కొత్తగా లెక్క వివరించి మరీ వచ్చేవారు. ఆరు వేలతో హెచ్చవేయడం పోర్టంతా నేర్చుకుంది.

అయినా జూన్ నా గుండెల మీదే ఉంది. బోర్డు మార్చినంత మాత్రాన మనిషి మనసు మారుతుందా? అందరి ముందూ ఆవిడ మాట కాదన్నదాన్ని నేను. చివరికి జూన్‌లో ఒక రోజు పెద్ద మేడమ్ పిలిచారు. ఆవిడ కూర్చోమనలేదు, నేను కూర్చోలేదు.

"ప్రిన్సిపాల్ గారు నీ గురించి అడిగారు. ఆ అమ్మాయి ఎలాంటిదీ, ఉంచుకోవచ్చునా అని."

"మీరేం చెప్పారు మేడమ్?"

"ఉంటే తలనొప్పి, లేకపోతే తప్పులు, అన్నాను. తలనొప్పికి మాత్ర ఉంది కదా అన్నారాయన." ఆవిడ ఏదో కాగితం కింద నవ్వు దాచుకోబోయి, దాచుకోలేకపోయారు. "సోమవారం నుంచి రా. ఆలస్యం చెయ్యకు."

(నేనెప్పుడూ ఆలస్యం చెయ్యలేదు. ఆ మాట కూడా అనబోయాను. ఆ ఒక్కసారి మాత్రం నోరు మూసుకున్నాను.)

తర్వాత ఆవిడ దగ్గర ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఆవిడ రిటైరైన రోజున ఆ బల్బుని నా చేతుల్లో పెట్టారు. ఆవిడ దగ్గర నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ కిటికీ తెర లాగడం ఒక ఎత్తు. తన తప్పు పదిమందికీ స్పష్టంగా కనపడాలని తనే నీడ చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అలాంటి మనిషి కింద పనిచేశానని చెప్పుకోవడం నాకు ఈ రోజుకీ గర్వం.

ఇప్పుడు నాకు అరవై ఎనిమిది దాటాయి. ఎవరికైనా తప్పు చూపించాలంటే ఎలాగో బాగా తెలిసింది. ముందు కుశలమడగాలి, ఎండలు ముదిరాయనాలి, నాకే సరిగ్గా అర్థం కాలేదేమో అని మొదలుపెట్టాలి, ఎదుటివాళ్ళే కనిపెట్టినట్టు ముగించాలి. ఆ ఇరవైమూడేళ్ళ పిల్లకి ఇవేవీ తెలియవు. తలుపు తోసుకుని వెళ్ళి, నిలబడే, ఊపిరైనా తీసుకోకుండా అనేసింది. ఎంత మొరటు పిల్ల అని అప్పుడప్పుడు తలుచుకుని నవ్వుకుంటాను. నవ్వుకుంటూనే కుర్చీలో కాస్త నిటారుగా సర్దుకుని కూర్చుంటాను, ఇప్పుడొచ్చి నాలో ఏ తప్పు పడుతుందోనని.